కట్టి ఉంచిన వాక్యం

కుట్టు షెడ్డు, ఆడవాళ్ళ బ్యారక్
మార్చి 6

గౌరవనీయులైన సూపరింటెండెంట్ మేడమ్ గారికి,

నమస్కారాలు. బొత్తాలు కుట్టే పిల్ల పెట్టుకున్న అర్జీ నిన్న మీ దగ్గర నుంచి తిరిగొచ్చింది. కింద ఎర్ర సిరాతో 'కాపలాతో రెండు రోజుల సెలవు మంజూరు' అని రాశారు. ఆ కింద 'ఇది రాసింది ఎవరు?' అని రాశారు. మొదటి మాట చదివి వినిపించగానే పిల్ల ఏడుపు లంకించుకుంది. రెండో మాట చదివేసరికి బ్యారక్ అంతా నావైపు తిరిగింది.

రాసింది నేనే మేడమ్. నంబరు 212. ఇక్కడ అందరూ ప్రెస్సక్క అంటారు. పిల్లకి పొట్టకోస్తే అక్షరం ముక్క రాదు. తప్పయితే శిక్ష నాకు వెయ్యండి, దాని సెలవు మాత్రం ఆపకండి.

మీరు కిందటి నెల వచ్చిన రోజున కుట్టు షెడ్డు గోడకి అర్జీల పెట్టె కొట్టించి, ప్రతి కాగితం నేనే చదువుతాను, నా చేత్తోనే జవాబు రాస్తాను అన్నారు. మేము లోపల్లోపల నవ్వుకున్నాం. ఇంతకుముందున్న దొరగారి హయాంలో మా అర్జీలు స్టోరులో సబ్బుముక్కలు చుట్టడానికి వెళ్ళేవి. నా అర్జీలో చుట్టిన సబ్బు నాకే వచ్చిందొకసారి. అందుకని మీ పెట్టెలో మొదటి వారం ఎవరూ ఏమీ వెయ్యలేదు. ఈ పిల్ల ఒక్కతే నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

నేను పద్నాలుగేళ్ళు ప్రెస్సులో కంపోజిటర్‌గా చేశాను. సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరసలో పేర్చే పని. పెళ్ళి కార్డులు, చావు కార్డులు, కొట్టు తెరిచే కార్డులు. ఎవరి సంతోషమైనా ఎవరి ఏడుపైనా నా వేళ్ళ మీదుగానే వెళ్ళేది. అందుకే మాటలు కొంచెం తెలుసు. అంతకుమించి గొప్పేం లేదు.

కాగితం ఫినాయిల్ వాసన వేస్తోంది, క్షమించండి. కాగితాల కట్టలూ ఫినాయిల్ సీసాలూ ఒకే గదిలో పెడతారు.

ఇట్లు,
212


సూపరింటెండెంట్ గది
మార్చి 9

నంబరు 212కు,

శిక్ష వేయడానికి అడగలేదు. ఆ అర్జీలో ఒక మాట ఉంది: 'మా అమ్మ మంచం గుమ్మానికి ఎదురుగా వేయించుకుంది. ఎవరు వచ్చినా ముందు వాళ్ళ చెప్పులు చూస్తుంది.' ఇరవై రెండేళ్ళుగా అర్జీలు చదువుతున్నాను. అన్నిట్లోనూ 'మరణశయ్యపై ఉన్నది' అనే ఉంటుంది. చెప్పులు చూసే అమ్మ నాకు ఇదివరకు తగల్లేదు.

అది చదివాక మా అమ్మకు ఫోన్ చేశాను. నాలుగు నెలలైంది మాట్లాడి. ఎత్తగానే "ఎవరు పోయారే?" అని అడిగింది. అంటే నా ఫోన్ అంటే ఆవిడకు చావు కబురే. ఇది మీకు రాయాల్సిన పని లేదు, అయినా రాశాను.

చదువు రాని వాళ్ళకు మీరు రాసిపెట్టవచ్చు. వారానికి పది కాగితాలు, ఒక పెన్సిలు ఇమ్మని స్టోరుకు చెప్పాను. రాసేది నిజమే రాయండి.

మీరు మీ కోసం ఏమీ అడగలేదు. ఎందుకని?

సూపరింటెండెంట్


కుట్టు షెడ్డు
ఏప్రిల్ 2

మేడమ్ గారికి,

పిల్ల వెళ్ళి వచ్చింది. వాళ్ళమ్మ గుర్తుపట్టిందట. గుర్తుపట్టి, ముందు చిక్కిపోయావని తిట్టిందట, తర్వాత తల దువ్విందట. ఇక్కడికొచ్చి రెండు రోజులు ఆ జడ విప్పలేదు. మూడో రోజు పేలు చూసే వార్డరమ్మ విప్పించింది.

ఇప్పుడు నా దగ్గర ఆసుపత్రి చీటీల క్యూ అంత క్యూ ఉంది. నిన్నటిదాకా నా దుప్పటి మీద కాలు వేసి నడిచిన మనుషులు ఇవాళ అక్కా, తిన్నావా అంటున్నారు. ఇస్త్రీ చేసే ఆవిడ నా జాకెట్టు మడత నలగకుండా తెచ్చిస్తోంది. ఖైదీ బట్టలకి ఇస్త్రీ ఏమిటని అడిగితే, నీ చెయ్యి బాగుంటేనే గదా మా పని అయ్యేది అంది. నవ్వాపుకోలేక చచ్చాను. అందరూ నా చెవిలో చెబుతారు, నేను రాస్తాను. అందరిదీ ఒకటే కోరిక. ఇంటికి. కాసేపు. ఇంకేం అక్కర్లేదు.

ఇస్త్రీ ఆవిడకీ సెలవు ఇచ్చారు. మీ చెయ్యి చల్లగా ఉండాలి.

నా గురించి అడిగారు. నాకు అమ్మ ఉంది. ఒక్కతే ఉంటుంది. ఆసుపత్రి లాండ్రీలో ముప్పై ఏళ్ళు దుప్పట్లు మడతపెట్టింది, ఇప్పుడు మోకాళ్ళు మడతపడటం లేదు. సైకిల్ షాపు పైన ఒక గది. నేను ఈ పనికీ ఆ పనికీ సెలవు అడగదల్చుకోలేదు. ఒక్కసారే అడుగుతాను, అది తప్పనిసరైనప్పుడు. అప్పుడు మీరు కాదనకూడదు. ఇప్పట్నుంచే అడిగి ఉంచుతున్నాను.

ఎందుకు అడగడం లేదంటే దానికి వేరే కారణం కూడా ఉంది. అది రాయడానికి ఈ కాగితం చాలదు.

ఇట్లు,
212, ప్రెస్సక్క


సూపరింటెండెంట్ కార్యాలయం
మే 11

ఖైదీ నంబరు 212కు తెలియజేయునది:

గడిచిన రెండు నెలల్లో కాపలా సెలవు కోరుతూ ఆడవాళ్ళ బ్యారక్ నుండి అందిన తొమ్మిది అర్జీలను పక్కపక్కన పెట్టి చూడడమైనది. అయిదింటిలో 'మంచం గుమ్మానికి ఎదురుగా' అన్న వాక్యం అక్షరం తేడా లేకుండా ఉన్నది. అయిదుగురి తల్లులూ ఒకే విధంగా మంచం వేయించుకుని ఒకే విధంగా చెప్పులు చూస్తున్నారని నమ్మడం సాధ్యం కాదు.

అందులో వంటశాలలో పనిచేయు స్త్రీ అర్జీపై పోలీసు విచారణ జరిపించగా, ఆమె తల్లి మరణించి తొమ్మిదేళ్ళయినదని తేలినది.

కావున ఇకపై ఒకరి అర్జీ మరొకరు రాయరాదు. చేతిరాత వేరుగా ఉన్న అర్జీలు చదవకుండానే తిరస్కరించబడును. మీకు ఇస్తున్న కాగితాలు, పెన్సిలు నిలిపివేయడమైనది. మీ శిక్ష దొంగ మార్కుల జాబితాలు అచ్చు వేసినందుకని మీ ఫైలులో ఉన్నది. అది నేను ముందే చదివి ఉండవలసినది.

మీ వాక్యం చదివి నేను ఒక పని చేశాను. అందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

సూపరింటెండెంట్


కుట్టు షెడ్డు
మే 16

మేడమ్ గారికి,

ఇది బట్ట కత్తిరించే ముందు కొలతలు గీసే కాగితం. చేతులు కుట్టే దగ్గర మిగిలిన ముక్క. దొంగిలించలేదు, షెడ్డు వార్డరమ్మని అడిగి తీసుకున్నాను.

మీ కాగితం చదివాక నాకు తల కొట్టేసినట్టయింది. తప్పు నాదే. ఎలా జరిగిందో చెబుతాను, మన్నించమని కాదు.

ప్రెస్సులో బాగా కుదిరిన మేటరు, అంటే పేర్చిన అక్షరాల వరస, ఉంటే దాన్ని విప్పం. అచ్చయ్యాక అక్షరాలన్నీ మళ్ళీ గళ్ళలో వేసెయ్యాలి, కానీ పదిమందికీ పనికొచ్చే వాక్యమైతే పురికొసతో కట్టి పక్కన పెట్టుకుంటాం. 'మీ రాకను కోరుతూ' అన్నది నేను పద్నాలుగేళ్ళలో ఒక్కసారే పేర్చాను. ఆ తర్వాత పేర్లు మార్చడమే. అది మా పని పద్ధతి, మోసమని ఎవరూ అనుకోరు. ఈ వాక్యానికి మీరు సెలవు ఇచ్చారు. దాన్ని కట్టి ఉంచుకున్నాను. అయిదుగురికి వాడాను. పేర్లు మార్చానంతే. పక్కపక్కన పెట్టి చదివే మనిషి ఉంటుందని నాకు తట్టలేదు. మా అర్జీలు అలా ఎవరూ ఎప్పుడూ చదవలేదు గదా.

వంటశాల అత్తకి అమ్మ లేదని నాకు తెలీదు. అడగనే లేదు. ప్రెస్సులోనూ నేనెప్పుడూ అడగలేదు, యజమాని ఇచ్చింది పేర్చడమే. ఆయన తప్పించుకున్నాడు, నేను ఇక్కడున్నాను. అయినా బుద్ధి రాలేదు. అత్తని నిన్న నిలదీస్తే, అమ్మ లేకపోతేనేం, ఇంటి ముందు నుంచి ఒకసారి నడవాలనుకున్నాను అంది. ఇంట్లో ఎవరో అద్దెకున్నారట. లోపలికి కూడా వెళ్ళదట. ఊరికే నడిచి వచ్చేస్తుందట.

ఇంకొక మాట. ఆ వాక్యం అబద్ధం కాదు. అది మా అమ్మది. మోకాళ్ళు పోయాక తను నిజంగానే మంచం గుమ్మానికి ఎదురుగా వేయించుకుంది. మంచం ఎత్తు తక్కువ, పడుకుంటే వచ్చేవాళ్ళ కాళ్ళే కనబడతాయి. మా ప్రెస్సులో బైండింగు చేసే తాత ఒకాయన ఆ వీధిలోనే ఉంటాడు. ఉత్తరంలో ఆయనే రాశాడు. పిల్లకి రాయడానికి నా దగ్గర అంతకంటే మంచిది లేకపోయింది. మా అమ్మ మాట తీసి ఇచ్చాను.

ఇప్పుడు అది నాకే కావలసివచ్చింది. మొన్న తాత దగ్గర నుంచి ఉత్తరం. అమ్మ మంచం మీద నుంచి లేవడం లేదు, మూత్రపిండాలు పాడయ్యాయి, నెల గడిస్తే గొప్ప అన్నాడట డాక్టరు.

ఏప్రిల్‌లో అడిగి ఉంచాను గుర్తుందా మేడమ్? అదే ఇది. రెండు గంటలు చాలు. వచ్చే కాపలావాళ్ళు మామూలు బట్టల్లో రావాలి. నాకూ మామూలు చీర ఇప్పించండి. ఎందుకని అడగవద్దు. అమ్మకు బాగోలేదు. చూడాలి. ఇంతకన్నా ఎలా రాయాలో ఇప్పుడు నాకు తెలియడం లేదు.

212


సూపరింటెండెంట్ కార్యాలయం
జూన్ 8

ఖైదీ నంబరు 212కు:

మీ అర్జీని నియమం ప్రకారం మీరు తెలిపిన చిరునామా పరిధిలోని పోలీసు స్టేషనుకు విచారణకై పంపడమైనది. వారి నివేదిక ఇది:

'సదరు వృద్ధురాలిని ఇద్దరు కానిస్టేబుళ్ళు స్వయముగా కలిసి విచారించగా, తన ఏకైక కుమార్తె నగరములోని ప్రింటింగ్ ప్రెస్సునందు పనిచేయుచున్నదనియు, నెలనెలా ఉత్తరములు వ్రాయుచున్నదనియు, జైలులో తనకు ఎవరును లేరనియు తెలియజేసినది. ఇరుగుపొరుగు వారును అదే చెప్పిరి.'

మా ప్రవేశ రిజిస్టరులో కూడా 'దగ్గరి బంధువులు' అన్న చోట మీ సొంత దస్తూరీతో 'ఎవరూ లేరు' అని ఉన్నది.

అర్జీ తిరస్కరించడమైనది. ఒకరి తల్లిని మీ తల్లిగా చూపడమనే ఇది రెండో రకం మోసం. ఈసారికి చర్య తీసుకోవడం లేదు.

సూపరింటెండెంట్


కుట్టు షెడ్డు
జూన్ 9

మేడమ్ గారికి,

అది మా అమ్మే. ఆ నివేదికలో ఉన్నవన్నీ నేను చెప్పిన అబద్ధాలే, మా అమ్మ నోటి నుంచి తిరిగొచ్చాయి.

నన్ను పట్టుకున్న రోజు అమ్మకు ఎవరూ చెప్పలేదు. తాత చేత కబురు పెట్టించాను, పెద్ద ప్రెస్సులో పని దొరికింది, ఊరు మారాను, ఇప్పట్లో రావడం కుదరదు అని. ఇక్కడ రిజిస్టరు రాసే ఆయన దగ్గరి బంధువులు ఎవరని అడిగితే ఎవరూ లేరన్నాను. ఉన్నారంటే అమ్మ గుమ్మంలోకి పోలీసులు వెళతారని భయం. నా చేత్తో నేనే రాశాను. ఆ రోజు తెలివైన పని చేశానని కూడా అనుకున్నాను.

మూడేళ్ళుగా నెలకొక మడత కాగితం నాకిస్తారు గదా, దాని మీద అమ్మకు రాసి తాతకి పంపుతాను. ఆయన వేరే కవరులో పెట్టి తనకిస్తాడు. మీ గుమాస్తా చదివి ముద్ర వేసేది తాతకి రాసిన మొదటి పేజీ మీదే. ఆ పేజీ చింపేస్తాడు తాత. ప్రెస్సులో ఇవాళ ఇంత పని ఉంది, కొత్త మిషను వచ్చింది, యజమాని మంచివాడు అని రాస్తాను. ఆ మిషను ఎన్ని గంటలకి ఎన్ని కాగితాలు తీస్తుందో కూడా రాశాను. అమ్మ ఆ ఉత్తరాలు సైకిల్ షాపు వాడికి చదివి వినిపిస్తుందట. మా అమ్మాయి వేళ్ళు ఆడితేనే అక్కడ కార్డు బయటికొస్తుంది అంటుందట.

మామూలు బట్టలు అడిగింది అందుకే. కారణం రాయడానికి ముఖం చెల్లలేదు. అప్పుడే రాసి ఉంటే మీరు కానిస్టేబుళ్ళని పంపేవాళ్ళు కారు. పంపినా వేరే విధంగా అడిగించేవాళ్ళు. దాచిన ప్రతిసారీ ఇలాగే పీకల మీదకి తెచ్చుకున్నాను.

ఇప్పుడేం చెయ్యాలి? నా మాట మీద నమ్మండి అనే అర్హత నాకు లేదు. ఎవరినైనా అడగండి. తాతని అడగండి. నెలలో ఇరవై నాలుగు రోజులు అయిపోయాయి.

212


సూపరింటెండెంట్ గది
జూన్ 13

నంబరు 212,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇది నిజమని అనుకుంటున్నాను. కానీ నేను అనుకుంటే చాలదు. స్టేషను నివేదిక వ్యతిరేకంగా ఉంది కనుక ఫైలు ప్రధాన కార్యాలయానికి వెళ్ళాలి. అక్కడికి వెళ్ళాలంటే ఒక కాగితం కావాలి. 'జైలులో ఉన్న నంబరు 212 నా కుమార్తె' అని మీ అమ్మగారు ఒప్పుకుని వేలిముద్ర వేయాలి. తాత మాట చెల్లదు.

అంటే ఎవరో ఒకరు వెళ్ళి ఆవిడకు సంగతి చెప్పాలి. స్టేషనువాళ్ళు చెబితే ఎలా చెబుతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

చెప్పించమంటారా? ఒక్క మాట రాయండి. తొందరగా రాయండి.

సూపరింటెండెంట్


కుట్టు షెడ్డు
జూన్ 15

మేడమ్ గారికి,

ఒక్క మాట రాయమన్నారు. వద్దు.

రెండు రోజులు కాజాలు కుడుతూ ఇదే ఆలోచించాను. ఆరు చొక్కాలకి తప్పుచోట కాజాలు పడ్డాయి. వార్డరమ్మ కూడా తిట్టలేదు, విప్పి మళ్ళీ కుట్టమంది.

బొత్తాల పిల్ల చెప్పించమంటుంది. అమ్మ కదక్కా, క్షమిస్తుంది అంటుంది. క్షమిస్తుంది, నాకు తెలుసు. అది కాదు నా భయం. వీధిలో అందరికీ చెప్పుకుంది తను. నీళ్ళు పట్టుకునే దగ్గర, మందుల షాపులో, అద్దె అడగడానికి వచ్చే ఇంటాయనకి. మా అమ్మాయి, మా అమ్మాయి అని. తన జీవితంలో మడతపెట్టిన దుప్పట్లు కాక చెప్పుకోవడానికి ఉన్నది నేనొక్కదాన్నే. ఇప్పుడు లేవలేని స్థితిలో, పక్కన ఎవరూ లేనప్పుడు, పోలీసొకడు వచ్చి అది కూడా లాక్కుని, సిరా పూసి వేలు పట్టుకుంటే నేను అక్కడికి వెళ్ళేసరికి ఏం మిగులుతుంది? ఉన్న నాలుగు రోజులూ గోడవైపు తిరిగి పడుకుంటుంది. మంచం గుమ్మానికి ఎదురుగా ఉంచుకోదు.

నన్ను చూడకుండా పోయినా నేను ప్రెస్సులో ఉన్నాననుకుంటూ పోతుంది. అది నేను తనకి ఇవ్వగలిగింది. ఇంకేం లేదు నా దగ్గర.

కాబట్టి నా అర్జీ వెనక్కి తీసుకుంటున్నాను. నాకు చాలా ఏడుపుగా ఉంది మేడమ్. కానీ తీసుకుంటున్నాను.

వంటశాల అత్త తప్పుకి ఆవిడ్ని మళ్ళీ ఎప్పుడైనా క్షమించి పంపండి. ఇంటి ముందు నుంచి నడవడమే గదా.

212


సూపరింటెండెంట్ గది
జూన్ 28

ప్రెస్సక్కకు,

మీకు చెప్పకుండా ఒక పని చేశాను. మొదటి నుంచీ రాస్తాను, మధ్యలో ఆపకుండా చదవండి.

మీ ఉత్తరం అందిన తర్వాతి ఆదివారం మా అమ్మ దగ్గరికి వెళదామని బయల్దేరాను. బస్టాండులో ఆ బస్సు ఎక్కలేదు, మీ ఊరి బస్సు ఎక్కాను. నాలుగు గంటలు. సైకిల్ షాపు వాడు మెట్లు చూపించాడు. మామూలు చీర కట్టుకున్నాను. ప్రెస్సు నుంచి వచ్చాను, మీ అమ్మాయితో పనిచేస్తాను అని చెబుదామని దారంతా అనుకుంటూ వెళ్ళాను.

మంచం గుమ్మానికి ఎదురుగానే ఉంది. ఆవిడ ముందు నా కాళ్ళే చూసింది. చీర మార్చుకున్నాను గానీ కాళ్ళకి డ్యూటీ బూట్లే ఉన్నాయి. ఇన్నేళ్ళ అలవాటు, నాకు గుర్తే రాలేదు.

ప్రెస్సు మాట చెప్పాను. ఆవిడ విని, కూర్చోమంది. తర్వాత "మీ ప్రెస్సులో అందరూ బూట్లే వేసుకుంటారామ్మా?" అని అడిగింది.

నేను కాళ్ళు వెనక్కి లాక్కున్నాను. ఆవిడే దిండు కింద నుంచి ఉత్తరాల కట్ట తీసి నా చేతికిచ్చి, వాసన చూడమంది. "ముప్పై ఏళ్ళు ఆసుపత్రి దుప్పట్లు మడతపెట్టిన దాన్ని. ఫినాయిల్ నాకు తెలీదా? అది ఇక్కడి ప్రెస్సు నుంచి తెచ్చే కాగితాలు సిరా వాసన వేసేవి. మూడేళ్ళ బట్టీ ఇదే వాసన" అంది. మొదట్లో మీకేదో పెద్ద జబ్బు చేసి ఆసుపత్రిలో ఉన్నారని, దాస్తున్నారని అనుకుని ఏడ్చిందట. చివరికి బైండింగు తాతని కూర్చోబెట్టి నిజం చెప్పేదాకా కదలనివ్వలేదట. అది జరిగి రెండేళ్ళు దాటింది. ఆసుపత్రి కాదని తెలిసి ఆ రోజు కడుపునిండా తిన్నానంది. తనకి తెలుసని మీకు రాయవద్దని తాత చేత ఒట్టు వేయించుకుంది.

మరి పోలీసులు వస్తే లేరని ఎందుకు చెప్పారని అడిగాను. "అది ప్రెస్సులో ఉన్నానని నాకు చెప్పింది. నా బిడ్డ మాట అబద్ధమని వాళ్ళ ముందు నేనెలా అంటానమ్మా? సెలవు కోసమని వాళ్ళు చెప్పలేదు. చెబితే పది వేళ్ళూ వేసేదాన్ని" అంది.

కాగితం నా సంచిలోనే ఉంది. వేలిముద్ర వేసింది. వేలు తుడుస్తుంటే నా చెయ్యి పట్టుకుని, వచ్చినప్పుడు ప్రెస్సు నుంచి వచ్చినట్టే రమ్మనండి, నేనూ అలాగే మాట్లాడతాను, దానికి నా ముందు తలదించుకునే అవసరం రాకూడదు అంది. నాకు తెలుసని చెప్పవద్దంది. సరేనన్నాను. ఆ మాట ఇప్పుడు తప్పుతున్నాను.

సోమవారం ఫైలు పంపాను. రోజూ ఫోన్ చేశాను. మీకు చెప్పలేదు. మంజూరయ్యాక చీర చేతికిచ్చి ఒకేసారి చెబుదామనుకున్నాను. దాచడం మీ ఒక్కరికే చేతనవుతుందా?

మంజూరు కాగితం నిన్న మధ్యాహ్నం వచ్చింది. అదే టపాలో తాత ఉత్తరం కూడా వచ్చింది. మీ అమ్మగారు మొన్న శనివారం పొద్దున పోయారు. ఆ సాయంత్రమే తాత, వీధివాళ్ళు కలిసి కార్యక్రమం ముగించేశారు. సెలవు తల్లిని చూడడానికి మాత్రమే ఇచ్చినది కనుక అది చెల్లకుండా పోయింది. రద్దు కాగితం మీద నేనే సంతకం చేయాల్సి వచ్చింది. చేశాను.

జూన్ ఎనిమిదిన ఒకరి తల్లిని మీ తల్లిగా చూపారని రాశాను. ఆ కాగితం ఫైలులోంచి తీయడానికి నియమం లేదు.

ఉత్తరాల కట్ట తాత పంపాడు. దీనితో పాటు ఇస్తున్నాను.

సూపరింటెండెంట్


కుట్టు షెడ్డు
జూలై 5

మేడమ్ గారికి,

కట్ట అందింది. ముప్పై ఎనిమిది ఉత్తరాలు. ఒక్కొక్కటే విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. నాకు ఏ వాసనా తెలియలేదు. బొత్తాల పిల్లకి ఇచ్చాను, దానికీ తెలియలేదు. ఇక్కడ మా అందరికీ అలవాటైపోయింది.

తనకి తెలుసని నాకు తెలిసి ఉంటే మే నెలలోనే వేలిముద్ర పడేది. నేను జూన్‌లో చూసి ఉండేదాన్ని. నాకు తెలుసని తనకి తెలియకుండా ప్రెస్సు కబుర్లు చెప్పి ఉండేదాన్ని, తను విని ఉండేది. ఇది రాత్రీ పగలూ నా బుర్రలో తిరుగుతోంది, ఆపడం చేతకావడం లేదు. మీరు వెళ్ళారు. మా అమ్మ చివరికి చూసిన కొత్త మనిషి మీరే. మీ మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

ఒక అర్జీ ఉంది. నా సొంత చేతిరాతే.

ఈ బ్యారక్‌లో నలభై ఒక్కమందిమి ఉన్నాం. పదహారు మంది ఇంట్లో వేరే ఏదో చెప్పి వచ్చారు. ఒకామె ఓడ మీద వంట చేస్తున్నానని చెప్పింది. ఒకామె నర్సు. వాళ్ళ ఉత్తరాలు కూడా ఆ గదిలో కాగితం మీదే వెళతాయి. అడగాలో వద్దో వారం రోజులు ఆలోచించాను. ఒక్కోసారి ఆ వాసన ఉండటమే మంచిదనిపించింది, కనీసం అవతలివాళ్ళకైనా తెలుస్తుంది. కానీ అది ఎవరికి వాళ్ళు చెప్పుకోవాల్సిన సంగతి. కాగితం చెప్పకూడదు.

ఫినాయిల్ సీసాలు కాగితాల గదిలో నుంచి తీయించండి.

212